ఆరుకి అరపావు తక్కువ

అక్షరాల కంటే ముందు నాకు అంకెలు వచ్చు. కుట్టుపనిలోకి దిగినవాళ్ళకి అవి రాక తప్పదు. టేపు మీద ముప్పై నాలుగు ఎక్కడుందో, దాని పక్కన పావు గీత ఏదో, అర గీత ఏదో గుర్తుపట్టడానికి బడికి వెళ్ళనక్కర్లేదు. ఏలూరులో ఇరవై ఏళ్ళు జాకెట్లు కుట్టాను. ఛాతీ, నడుము, చెయ్యి పొడవు అని వరసగా అంకెలు వేసుకునేదాన్ని. ఆ అంకెలు ఎవరివో మాత్రం రాసుకోలేకపోయేదాన్ని. అందుకని ప్రతి చీటీకి ఆ మనిషి ఇచ్చిన గుడ్డలోంచి చిన్న ముక్క ఒకటి గుండుసూదితో గుచ్చి ఉంచేదాన్ని.

నలభై ఒకటో ఏట చర్చి ఆవరణలో సాయంత్రం పూట పెద్దవాళ్ళకి పెట్టిన తరగతిలో చేరాను. ఏడాదిన్నర పట్టింది. చదవడం వచ్చాక చాలా రోజులు బస్సు మీద రాసిన ఊళ్ళ పేర్లు, మందు సీసాల మీది కాగితాలు, పొట్లం కట్టిన పేపరు ముక్కలు అన్నీ చదివేదాన్ని. ఇంకో రెండేళ్ళకి మోకాళ్ళు మిషను తొక్కనివ్వలేదు. డాక్టరు మానెయ్యమన్నాడు. మా వీధి మలుపులో ఉన్న డీటీపీ షాపులో కాగితాలు కత్తిరించే మనిషి కావాలంటే వెళ్ళాను. షాపు ఆయన నన్ను పెట్టుకున్నది నా చదువు చూసి కాదు. పెళ్ళికార్డు ఒకటి ఇచ్చి అంచు కత్తిరించమన్నాడు. గీత గియ్యకుండా కత్తిరించి ఇచ్చాను. రేపటి నుంచి రమ్మన్నాడు.

ఆయన నాకంటే పదేళ్ళు చిన్న. వాళ్ళది తాతల నాటి నుంచి పుస్తకాలు బైండింగు చేసే ఇల్లు. తండ్రి పోయాక ఆయన బైండింగు బల్ల పక్కనే రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు పెట్టాడు. నన్ను అక్కగారూ అనేవాడు, నేను బాబుగారూ అనేదాన్ని. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో రెండో కంప్యూటరు ముందు కూర్చుని టైపు కొట్టుకోమనేవాడు. అలా మెల్లగా అక్షరాలు కొట్టడం వచ్చింది. నెమ్మదే, కానీ తప్పులు తక్కువ. లేక లేక నేర్చుకున్న అక్షరం కదా, ఒక్కోదాన్ని చూసి చూసి కొట్టేదాన్ని.

అక్షరాల కంటే నన్ను ఇబ్బంది పెట్టింది కొలత. కాగితం పైన మూడు వదిలి మొదలుపెట్టమంటే మూడు అని కొట్టాను. వరస వెళ్ళి పేజీ నెత్తి మీద కూర్చుంది. మూడంగుళాలు ఎక్కడికి పోయాయని అడిగితే ఆయన చూసి, ఆ మెషిన్‌లో సెంటీమీటర్లు పెట్టి ఉన్నాయన్నాడు.

"మీకు అంగుళాలే కదండీ అలవాటు. ఉండండి" అని టూల్స్ లోకి వెళ్ళి, ఆప్షన్స్ తెరిచి, సెంటీమీటర్లు ఉన్నచోట అంగుళాలు పెట్టాడు. "ఇప్పుడిది కూడా టైలరే అక్కగారూ."

టైలరే గానీ పావు, ముప్పావు అన్న మాటలు దానికి తెలియవు. పావుకి చుక్క పెట్టి ఇరవై అయిదు కొట్టాలి. ముప్పావుకి డెబ్భై అయిదు. పావులో సగాన్ని మేం అరపావు అంటాం. దానికి చుక్క తర్వాత ఒకటి, రెండు, అయిదు అని చెప్పాడు. అలాగే కొట్టి మూసి, మళ్ళీ తెరిచి చూస్తే చుక్క తర్వాత పదమూడు ఉంది.

"నేనలా కొట్టలేదండీ" అన్నాను.

"మూడో అంకె దానికి అక్కర్లేదండి. దగ్గర్లో ఉన్నదానికి సర్దేస్తుంది."

"జాకెట్టు నేనలా సర్దేస్తానంటే ఊరుకుంటారాండీ ఎవరైనా?"

"జాకెట్టు వేసుకునే మనిషి ఊపిరి పీలుస్తుంది. కాగితం పీల్చదు కదండీ" అన్నాడు. ఆ మాటకి ఇద్దరం నవ్వుకున్నాం.

అలా ఏడాది గడిచింది. రెండు వేల అయిదో ఆరో, సరిగ్గా గుర్తులేదు. చర్చి వాళ్ళ కుట్టు శిక్షణ కేంద్రం నుంచి ఒక పని వచ్చింది. కొల్లేరు లంకల నుంచి, కలిదిండి వైపు నుంచి వచ్చి ఆరు నెలలు కుట్టు నేర్చుకున్న నూట పన్నెండు మంది ఆడవాళ్ళకి సర్టిఫికెట్లు ఇవ్వాలి. సర్టిఫికెట్లు తాడేపల్లిగూడెంలో ఒక ప్రెస్సులో అచ్చేయించారు. దళసరి కాగితం, చుట్టూ ముదురు నీలం అంచు, మధ్యలో మూడు ఖాళీ గీతలు. మొదటి గీత మీద పేరు, రెండో దాని మీద ఊరు, అడుగున ఉన్నదాని మీద నేర్చుకున్న పని. ఆ మూడూ మేం కంప్యూటర్లో నింపి ప్రింటు తియ్యాలి. గురువారం నాడు కేంద్రం టీచరమ్మ స్వయంగా తెచ్చింది. నూట పదిహేను కాగితాలు లెక్కపెట్టి ఇచ్చింది.

"మూడే ఎక్కువండీ. ఆదివారం ఆరాధన అయ్యాక ఫాదరుగారి చేతుల మీదుగా ఇప్పిస్తున్నాం. శనివారం సాయంత్రానికి నా చేతిలో ఉండాలి" అంది.

ఆవిడ వెళ్ళాక ఆయన నా వైపు తిరిగాడు. "అక్కగారూ, ఒక మాట. డీటీపీ కోర్సు చేసిన అమ్మాయి ఒకావిడ వారంలో రెండుసార్లు వచ్చి పని అడిగి వెళ్తోందండి. నాకేమో ఒక్కరినే పెట్టుకునే స్తోమతు. ఈ పని మీరొక్కరే చేసివ్వండి. సరిగ్గా వచ్చిందా, ఆ అమ్మాయికి వద్దని చెప్పేస్తాను, ఈ కుర్చీ మీది. లేదంటే సోమవారం నుంచి మీరు మళ్ళీ కత్తెర దగ్గరికే. ఏమనుకోకండి."

ఏమనుకుంటాను. ఉన్నమాట అన్నాడు. కత్తిరించే పని తక్కువ పనేమీ కాదు. అయినా నాకు ఆ కుర్చీ కావాలి. ఎందుకని ఎవరైనా అడిగితే అప్పుడు చెప్పలేకపోయేదాన్నేమో. వాళ్ళూ వీళ్ళూ రాసినదాని అంచులు కత్తిరించడానికి కాదు కదా నేను నలభై దాటాక పలక పట్టింది.

గురువారం సాయంత్రానికి నూట పన్నెండు పేర్లు, ఊళ్ళు కొట్టేశాను. శుక్రవారం మధ్యాహ్నం ఆయన నమాజుకి వెళ్ళాడు. నేను సర్టిఫికెట్టు ఒకటి బల్ల మీద పరిచి, సంచిలోంచి నా టేపు తీసి కొలిచాను. కాగితం పై అంచు నుంచి మొదటి గీతకి ఎంత, రెండో దానికి ఎంత, అడుగు గీతకి ఎంత. రెండో గీత ఆరుకి అరపావు తక్కువ. ఒక్కో వరసకి ఒక పెట్టె గీసి, అది పేజీ పై నుంచి ఎంత దూరంలో ఉండాలో అంకె కొట్టాలి. పెట్టె లోపల అక్షరం చుట్టూ ఉండే ఖాళీ తీసెయ్యడం ఆయన ముందే చూపించాడు. మూడూ కొట్టి, మొదటి సర్టిఫికెట్టు ప్రింటర్లో పెట్టాను.

పేరు గీత మీద బాగానే కూర్చుంది. ఊరు కాస్త తేలింది. అడుగున 'కుట్టుపని' అన్న మాటకీ గీతకీ మధ్య వడ్లగింజ అడ్డంగా పట్టేంత సందు. కాగితం సరిగ్గా లోపలికి పోలేదేమో అనుకుని ఇంకోటి పెట్టాను. అచ్చం అలాగే వచ్చింది. మళ్ళీ కొలిచాను. నా కొలత నాకు సరిగ్గానే ఉంది. పేరాల మధ్య ఖాళీ ఏదో మిగిలిందేమో అని అది తీసేసి మూడోది పెట్టాను. అదీ అంతే. అప్పుడు గుర్తొచ్చింది, ఎక్కువ ఇచ్చిన మూడూ అయిపోయాయని.

ఆయన టోపీ తీసి జేబులో పెట్టుకుంటూ వచ్చేసరికి నేను మూడు పాడైన కాగితాలూ బల్ల మీద వరసగా పెట్టి కూర్చున్నాను. దాచే ఉద్దేశం లేదు. దాచినా లెక్క తేలిపోతుంది.

ఆయన మూడూ ఒక్కొక్కటే తీసి చూశాడు. తర్వాత, "తెల్లకాగితం మీద ముందు తీసి చూడాల్సిందండీ" అన్నాడు. నిజమే. తెల్లకాగితం మీద ప్రింటు తీసి, దాన్ని సర్టిఫికెట్టు మీద పెట్టి, రెండూ కలిపి వాకిలి అద్దానికి ఆనించి ఎండలో చూస్తే ఎంత తేడా ఉందో కనబడుతుంది. ఆ పద్ధతి నాకు తెలుసు. నా కొలత మీద నాకున్న నమ్మకం కొద్దీ మానేశాను.

"అంగుళాల బదులు సెంటీమీటర్లు పడ్డాయేమోనండీ" అన్నాను.

"అలా పడితే వరస ఎక్కడో ఉండేది. ఇంత దగ్గరికి రాదు."

"మరి ఆ సర్దడమే. నేను ఎనభై ఏడున్నర కొడితే ఎనభై ఎనిమిది చేసింది చూడండి, అయిదు పక్కన."

ఆయన తెర మీది అంకె చూశాడు. "అది ఎంతండీ, వెంట్రుక వాసి కూడా కాదు. పైగా అది పెంచింది. పెంచితే అక్షరం కిందికి దిగాలి గానీ పైకి తేలడమేంటి?"

తెల్లకాగితం మీద ఒకటి తీశాను. ఇద్దరం అద్దం దగ్గర నిలబడి చూశాం. పై గీత దగ్గర తేడా దాదాపు లేదు. మధ్యలో కొంచెం. అడుగున ఎక్కువ. కిందికి పోయేకొద్దీ పెరుగుతోంది. కాగితం కదిలితే మూడూ ఒకేలా కదలాలి కదా.

"మెషిన్ అంగుళమే పొట్టిగా ఉందండీ" అన్నాను. తిట్టినట్టే అన్నాను.

ఆయన నవ్వలేదు. బైండింగు బల్ల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ నాన్న వాడిన స్టీలు స్కేలు తెచ్చాడు. నా టేపు తీసి దాని పక్కన పెట్టమన్నాడు. రెండిటి మొదళ్ళూ కలిపి పట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు దాకా రెండూ కలిసే నడిచినట్టున్నాయి. ఆ తర్వాత విడిపోతూ వచ్చాయి. స్కేలు మీద పన్నెండు ఉన్నచోట నా టేపు మీద ఇంకా పదకొండు ముప్పావే అయింది. ఆరు ఉన్నచోట ఆరుకి అరపావు తక్కువ.

గుడ్డ టేపు. ఇరవై ఏళ్ళు మెడలో వేసుకుని తిరిగాను. ఎన్నోసార్లు తడిసింది, ఇస్త్రీపెట్టె కింద నలిగింది, రోజుకి ఇరవైసార్లు రెండు చేతులా లాగి పట్టాను. సాగిపోయింది. నా అంగుళం అందరి అంగుళం కంటే పొడుగైపోయింది.

"మరి ఇన్నాళ్ళూ జాకెట్లు ఎలా సరిపోయాయండీ?" అన్నాడాయన.

కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. మనిషిని కొలిచిందీ ఆ టేపే, గుడ్డని కొలిచిందీ ఆ టేపే. రెండు చోట్లా ఒకే తప్పు చేస్తే తప్పు లేనట్టే. మనిషి ఎదురుగా నిలబడి కొలత ఇచ్చినన్నాళ్ళూ నా టేపు ఎంత సాగినా పట్టుకున్నవాళ్ళు లేరు. ఎక్కడో కొలిచిన అంకెని నా టేపు మీద పెడితేనే తేడా వస్తుంది. అలా ఒకసారి వచ్చింది కూడా. భీమడోలు నుంచి ఒకావిడ కొలతలు కాగితం మీద రాయించి తమ్ముడితో పంపింది. నాలుగు జాకెట్లు కుట్టి పంపితే, వదులైపోయాయని ఆవిడే వచ్చి అడిగింది. "కొలత పంపినవాళ్ళు తప్పు పంపితే నేనేం చేసేదండీ. లేకపోతే మీరే చిక్కిపోయి ఉంటారు" అన్నాను, పక్కనున్నవాళ్ళు నవ్వేట్టుగా. ఆవిడ జాకెట్లు తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆవిడ ఊరు తెలుసు గానీ ఇల్లు తెలియదు.

స్కేలుతో మళ్ళీ కొలిచి, అంకెలు మార్చి, తెల్లకాగితం మీద తీసి అద్దానికి ఆనించాం. మూడు వరసలూ మూడు గీతల మీద కూర్చున్నాయి.

"సరిపోయింది. కానీ కాగితాలు నూట పన్నెండేనండీ ఇక" అన్నాడాయన. కుర్చీ సంగతి ఎత్తలేదు. నేనూ అడగలేదు.

శనివారం పొద్దున్న ఒక్కో కాగితం చేత్తో పెడుతూ ప్రింటు తియ్యడం మొదలుపెట్టాను. దళసరి కాగితం కాబట్టి ప్రతిసారీ రెండు అంచులూ ప్రింటరు గైడుకి తగిలాయో లేదో వేలితో తడిమి చూసేదాన్ని. వంద దాటాక ధైర్యం వచ్చింది. నూట ఏడో ఎనిమిదో కాగితం దగ్గర ప్రింటరు ఒక పక్కకి లాగింది. పేరు మొదలు గీత మీద ఉంది, చివర గీతకి పైన ఉంది. మిగతావన్నీ చక్కగా వచ్చాయి. నూట పదకొండు మంచివి, ఒకటి వంకర.

ఆయనకి చూపించాను. కళ్ళకి దగ్గరగా పెట్టి చూశాడు, దూరంగా పెట్టి చూశాడు.

"ఎవరిదండీ ఇది?"

కలిదిండి వైపు ఒక ఊరి ఆవిడ పేరు చదివాను. టీచరమ్మ ఇచ్చిన జాబితాలో ఆ పేరు ఎదురుగా సంతకం లేదు, వేలిముద్ర ఉంది. ఆయన అది చూశాడు.

"వేలిముద్రండీ ఆవిడది. చదువు రాదు. ఇంత చిన్న వంకర ఆవిడకేం తెలుస్తుంది? మధ్యలో పెట్టేసి ఇచ్చెయ్యండి."

ఆయన చెడ్డమనిషి కాదు. నా మేలు కోరే అన్నాడు. ఆ కాగితం మధ్యలో పెట్టేస్తే నూట పన్నెండూ లెక్క సరిపోతుంది, టీచరమ్మ పైవి నాలుగు చూసి తీసుకెళ్తుంది, కుర్చీ నాది అవుతుంది. నోరు తెరిస్తే ఏమవుతుందో తెలియదు. అయినా తెరిచాను.

"తెలుస్తుందండీ బాబుగారూ. చదువు రానివాళ్ళకే ముందు తెలుస్తుంది."

ఆయనకి అర్థం కాలేదు. చెప్పాను. మా రేషన్ కార్డు మీద నా పేరు గుమాస్తా ఏటవాలుగా రాశాడు. అప్పుడు నాకు ఒక్క అక్షరం రాదు. మిగతా ఇంట్లోవాళ్ళ పేర్లు గీతల మీద ఉన్నాయి, నాది మాత్రం జారిపోతున్నట్టుంది. చదవడం వచ్చినవాళ్ళు పేరు చదువుతారు. అది సరిగ్గా ఉంటే చాలు వాళ్ళకి. చదవడం రానివాళ్ళకి కాగితం మీద చూడటానికి ఇంకేముంది? గీత, దాని మీద నల్లటి గుర్తులు, అవి తిన్నగా ఉన్నాయా లేదా. పక్కనున్నావిడ కాగితంతో తనది కలిపి చూసుకుంటుంది. నాది ఎందుకిలా ఉందని ఎవరినీ అడగదు. అడిగితే చదువు రాదని బయటపడుతుంది. నేనూ అడగలేదు, అందుకే తెలుసు.

"ఇప్పుడేం చేస్తారు మరి? కాగితం లేదు కదండీ."

"గూడెం వెళ్తాను. ప్రెస్సు వాళ్ళ దగ్గర ఒకటైనా మిగలకుండా ఉంటుందా?"

"మిగిలితే మిగిలింది. లేకపోతే మీరు పోయేదీ వచ్చేదీ వృథా. సాయంత్రం ఆవిడ వస్తే నేనేం చెప్పను?"

"నేను తప్పు చేశానని చెప్పండి."

పదకొండింటి పాసింజరు దొరికింది. స్టీలు స్కేలు సంచిలో పెట్టుకున్నాను. తాడేపల్లిగూడెంలో ప్రెస్సు కనుక్కోవడం కష్టం కాలేదు, బోర్డులు చదువుకుంటూ వెళ్ళాను. ప్రెస్సు ఆయన అన్నం తింటున్నాడు. ఒక్క కాగితం కోసం ఏలూరు నుంచి వచ్చానంటే నమ్మలేదు.

"మంచివి లేవమ్మా. రంగు కుదిరేదాకా మొదట్లో తీసిన కాగితాలు ఆ మూలన పడేశాం. పొట్లాలకి ఇచ్చేస్తాం వాటిని. కావాలంటే వెతుక్కోండి."

మూలన కట్టలు కట్టలు ఉన్నాయి. రకరకాల పనులవి కలిసిపోయి ఉన్నాయి. మనవి ఓ ముప్పై దొరికాయి. పై వాటికి అంచు లేత నీలం. కొన్నిటి మీద రెండుసార్లు అచ్చు పడింది. అడుక్కి పోయేకొద్దీ రంగు కుదురుతూ వచ్చింది. చివరివి అయిదు మంచివాటితో పెడితే తేడా తెలియనట్టే ఉన్నాయి. వాటిని వెలుతురులోకి తీసుకెళ్ళి స్కేలు పెట్టి పై అంచు నుంచి గీతలకి కొలవడం మొదలుపెట్టాను. కాగితం కోతలో అంచు తేడా వస్తే నా అంకెలు మళ్ళీ తప్పుతాయి.

ప్రెస్సు ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి చూశాడు. "ఏంటండీ ఇది, పెళ్ళిచూపులకి వచ్చినట్టు చూస్తున్నారు కాగితాన్ని?"

"పిల్ల పొట్టిగా ఉంటే ఇప్పుడే చెప్పాలి కదండీ."

"నచ్చిందా మరి?"

"రెండు నచ్చాయండి."

"రెండూ తీసుకెళ్ళండి తల్లీ, కట్నం వద్దు" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు.

తిరిగొచ్చేసరికి నాలుగున్నర అయింది. టీచరమ్మ అప్పటికే వచ్చి బెంచీ మీద కూర్చుని ఉంది. నూట పదకొండూ ఆవిడ ఒళ్ళో ఉన్నాయి. ఆయన ఏం చెప్పాడో తెలియదు. ఆవిడ నన్నేమీ అడగలేదు. ప్రింటర్లో కాగితం పెట్టాను. అంచులు రెండుసార్లు తడిమాను. తిన్నగా వచ్చింది. రెండోది మిగిలిపోయింది.

టీచరమ్మ ఆ కాగితం చేతిలోకి తీసుకుని పేరు చదివింది. "ఈవిడా? ఈవిడ గుండీ కాజాలు చూడాలండీ మీరు. మా కేంద్రంలో అంత తిన్నగా కుట్టే మనిషి ఇంకొకరు లేరు" అంది. తర్వాత అన్నీ కలిపి గుడ్డలో చుట్టుకుని రిక్షా ఎక్కింది.

సోమవారం వెళ్ళేసరికి ఆయన తాళం తీస్తున్నాడు. నేను అలవాటు కొద్దీ కత్తిరించే బల్ల వైపు వెళ్ళాను.

"అటెక్కడికండీ?" అన్నాడు. "ఆ అమ్మాయికి వద్దని కబురు పంపేశాను. కాగితాలు కత్తిరించడానికి మనిషి కావాలి ఇప్పుడు. వాకిలికి అంటించడానికి ఒక కాగితం కొట్టండి. అక్షరాలు రోడ్డు అవతల నుంచి కనబడాలి."

"ఎంత పెట్టమంటారండీ?"

"అక్షరం సైజు డెబ్భై రెండు పెట్టండి. అది అంగుళం."

"ఎవరి అంగుళమండీ?"

"అందరిదీనండి" అన్నాడు.

కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. 'కాగితాలు కత్తిరించుటకు మనిషి కావలెను' అని కొట్టాను. ఒక్క వరసలో పట్టలేదు. 'కత్తిరించుటకు' దగ్గర విరిచి, తెల్లకాగితం మీద తీసి, వాకిలి అద్దానికి అంటించి, రోడ్డు అవతలికి వెళ్ళి నిలబడి చదివాను.